ఇల్లటం వచ్చిన క్యాండిడేటు

ఆంజనేయులు ఇనప ట్రంకుపెట్టెను మిల్లు ఆఫీసు గదిలో దించి, పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

"ఇది యాడ పెట్టమంటావక్కా?"

"వచ్చిన దావనే మోసుకపొమ్మంటాను," అంది సిద్దమ్మ, కుర్చీలోంచి లేవకుండానే.

"చిన్నాయన చెప్పినాడు గదా."

"చిన్నాయన పుంగనూరులో చెప్పినాడు. పుంగనూరుకు పోయి దించుకో."

వాడు నవ్వాడు. కురబలకోటలో తండ్రి మందలో సగం గొర్రెల్ని అమ్ముకు తిన్నప్పుడు కూడా వాడు ఇట్లాగే నవ్వాడని చెప్పుకుంటారు.

"మునస్వామీ, ఈ పెట్టె బయట పెట్టు," అంది సిద్దమ్మ.

ఇంజను తుడుస్తున్న మునస్వామి ఆమె వంక చూశాడు. ఆంజనేయులు వంక చూశాడు. మళ్ళీ ఇంజను వంక చూసి, ఇప్పుడే గుర్తొచ్చినట్టు నూనెడబ్బా అందుకున్నాడు.

పెట్టె కదల్లేదు. ఆ మిల్లులో సిద్దమ్మ మాటకు మనిషి కదలకపోవడం అదే మొదటిసారి.

మొగుడు పోయి మదనపల్లె పుట్టింటికి వచ్చిన నాటి నుంచి ఆ వేరుశెనగ నూనె మిల్లును నడుపుతున్నది ఆమె. మూటలోకి చెయ్యి పెట్టి కాయ తడిదో పొడిదో చెప్పేది ఆమె. బెంగళూరు వర్తకులు పీపాకు తాను చెప్పిన ధర ఒప్పుకునేదాకా కదలకుండా కూర్చునేది ఆమె. తండ్రి చెంగయ్యకు ఎలక్షన్లు ఉన్నాయి, మీటింగులు ఉన్నాయి. కూతురికి మిల్లు ఉంది. ఇంతకాలం లెక్క సరిపోయింది.

పుంగనూరు సభలో చెంగయ్య అన్న నాలుగు మాటలు ఆ లెక్కను తప్పించాయి.

"నాకు ఉండేది ఒకే బిడ్డ. అదీ ఆడబిడ్డ. అయినా నా మిల్లు మా అన్న కొడుక్కే పోతాది. ఆస్తి మగోడి చేతి మీదుగా నడవాల. ఆడదాని వెంట వచ్చిన ఆస్తి నిలవదు, దాన్ని తినే మగోడూ నిలవడు."

ఢిల్లీలో కొత్త చట్టం తయారవుతోంది. కూతురికీ తండ్రి ఆస్తిలో వాటా ఇమ్మనే చట్టం. దాన్ని అడ్డుకోవడానికే చెంగయ్య మూడోసారి ఢిల్లీ అసెంబ్లీకి నిలబడ్డాడు. మొదటిసారి, యుద్ధానికి ముందు, డిపాజిట్టు పోయింది. నడుమ వచ్చిన ఉప ఎన్నికలో డిపాజిట్టు దక్కింది, సీటు పోయింది. ఈసారి సీటు దక్కుతుందని ఆయన ధీమా. ఎద్దుల సంతలో తిరిగిన రోజుల్లోనూ ఆయనకు లాభం వచ్చింది ఎప్పుడూ మూడో బేరంలోనే.

సిద్దమ్మ లేచి ట్రంకుపెట్టెను కాలితో గోడవారకు నెట్టి, గది తలుపుకు గొళ్ళెం పెట్టింది.

"నేనొచ్చేదాకా ఈడ ఎవురూ కూర్చోరు," అంది.

"ఎన్నాళ్ళక్కా ఈ పెత్తనం?" అన్నాడు ఆంజనేయులు.

ఆమె ఇంటి దారి పట్టింది.

* * *

ఇంట్లో ఇంకో యుద్ధం నడుస్తోంది. దానికి చప్పుడు లేదు.

చెంగయ్య వసారాలో పీట మీద కూర్చుని ఉన్నాడు. వంటింటి గడపలో తులసమ్మ నిలబడి ఉంది. పుంగనూరు సభ జరిగిన సాయంత్రం నుంచి ఆమె మొగుడితో మాట్లాడలేదు. కోపంతో వండడం మానేయలేదు, పడకేయలేదు, ఏడవలేదు. మాట్లాడడం ఒక్కటే మానేసింది.

"సిద్దమ్మా, సంగటి చల్లారిపోతాండాదని మీ నాయనకు చెప్పు," అంది తులసమ్మ.

ఆయన ఆమెకు మూడు అడుగుల దూరంలో ఉన్నాడు.

"ఊరిబిండి పచ్చడిలో ఉప్పు చాల్లేదని మీ యమ్మకు చెప్పు," అన్నాడు చెంగయ్య.

"ఉప్పు తినేవాళ్ళకు విశ్వాసం ఉంటే రుచి తెలుస్తాదని చెప్పు."

"సూడు బిడ్డా, నేను ఎలక్షన్ల మనిషిని. పొద్దున్నుంచి రాత్రి దాకా తిట్లు తినేవాణ్ణి. ఇంట్లో కూడా తినాలంటే కడుపు పట్టదని చెప్పు."

సిద్దమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. పెట్టె సంగతి తండ్రి అడుగుతాడేమో అని చూసింది. ఆయన అడగలేదు.

బయట కారు దగ్గుతూ వచ్చి ఆగింది. యుద్ధం అయిపోయినా పెట్రోలు దొరకడం లేదు. అలావుద్దీన్ తన కారు వెనక బొగ్గుపొయ్యి బిగించి, ఆ గ్యాసుతో నడుపుతున్నాడు. తోళ్ళ వ్యాపారి ఆయన, చెంగయ్యకు సంతల నాటి దోస్తు. మూడు ఎలక్షన్లలోనూ ఆయనే డ్రైవరు, ఆయనే మేనేజరు.

"సలాం వదినా. సంగటి ఉంటే పెట్టు. లేకుంటే తిట్టు," అంటూ వచ్చి కూర్చున్నాడు. "అన్నా, పుంగనూరు పోయింది."

"యాడికి పోయింది?"

"నీ చేతిలోంచి. చౌడప్ప కబురు పంపినాడు. ఆయన ఓటు నీకు లేదంట. ఆయన చెప్తే వేసే రైతుల ఓట్లూ లేవంట."

చెంగయ్య చెయ్యి సంగటి ముద్ద మీదే ఆగింది. పన్ను కట్టే రైతులకూ వర్తకులకూ తప్ప ఓటు లేని ఎన్నిక అది. ఒక్కో ఓటూ ఒక్కో ఎద్దుల జత లాంటిది. చౌడప్ప వెనక నడిచే ఓట్లంటే పుంగనూరు మొత్తం.

"నేను ఆయన్నేమన్నాను? చట్టం గురించి చెప్పినా."

అలావుద్దీన్ తల గోక్కున్నాడు. "నేను చెప్పలేనన్నా. నేను తురకోణ్ణి, మా సీటు వేరే, మా ఓటు వేరే. నీకు నా కారు పనికొస్తాది గానీ ఓటు పనికిరాదు. ఇంటివాళ్ళే చెప్పాల."

చివరకు సిద్దమ్మే చెప్పింది.

"చౌడప్ప ఇల్లటం అల్లుడు నాయనా."

"అయితే?"

"కొడుకుల్లేని ఇంటికి అల్లుడుగా వచ్చి, మామ భూమి దున్నుకుంటాండాడు. ఆయన తోడల్లుడూ అంతే. చెరువు కింద పెద్ద కమతం ఉండే రామప్పా అంతే. పుంగనూరులో పెద్ద పన్ను కట్టే రైతుల్లో సగం మంది ఇల్లటం వచ్చినోళ్ళే. ఆడదాని వెంట వచ్చిన ఆస్తి తినే మగోడు నిలవడని, వాళ్ళ ముందర నిలబడి, మైకులో చెప్పినావు."

చెంగయ్య సంగటి పళ్ళాన్ని పక్కకు నెట్టాడు.

"నాకు ఆ ఊహే రాలేదు," అన్నాడు.

రాదు. అదే సిద్దమ్మకు ఆశ్చర్యం. ఆయన కూర్చున్న పీట, ఆ వసారా, మిల్లు కట్టిన నేల, అన్నీ తులసమ్మ తండ్రి నంజప్పవి. కురబలకోట నుంచి ఒక జత ఎద్దులతో ఈ ఇంటికి ఇల్లటం వచ్చిన అల్లుడు చెంగయ్య. ఊరందరికీ తెలిసిన సంగతే. ఆయన పెద్దవాడయ్యే కొద్దీ ఊరు మర్యాదకు దాన్ని అనడం మానేసింది. అందరూ అనడం మానేసేసరికి ఆయన నిజంగానే మరిచిపోయాడు.

మరవని మనిషి గడపలో నిలబడి ఉంది.

చెంగయ్య తలెత్తి భార్యను చూశాడు. ఆ చూపులో ఇప్పుడు కొంచెం లెక్క తేలింది. కానీ ఆయన చేతులు కడుక్కుని లేచాడు.

"అలావుద్దీనూ, బండి తియ్. పుంగనూరులో చౌడప్పను చూసి, అట్నుంచటే కుప్పం పోదాం. సాయంత్రం ఆడ కుప్పుస్వామి మొదలి సభ పెట్టినాడు."

"నేనూ వస్తాండానని మీ నాయనకు చెప్పు," అంది తులసమ్మ.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. రెండు ఎలక్షన్లలో ఆమె ఇల్లు కదల్లేదు.

"యాలనో అడుగు," అన్నాడు చెంగయ్య.

"ఊరికే. సభ ఎట్లుంటాదో సూడాల," అంది తులసమ్మ, చీర కొంగు భుజం మీదికి లాక్కుంటూ.

* * *

చౌడప్ప పశువుల పాకలో ఉన్నాడు. నడుము ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవులు వరసగా కట్టేసి ఉన్నాయి. ఆయన ఒక్కోదాని వీపు మీద చెయ్యి వేసి నడుస్తూ మాట్లాడాడు. చెంగయ్య కూడా వెనకే నడవాల్సి వచ్చింది.

"రామ్మా తులసమ్మా. నీడకు కూర్చో," అన్నాడు ముందుగా. "సిద్దమ్మా, మజ్జిగ తాగు బిడ్డా." తర్వాత తీరిగ్గా, "ఏమప్పా క్యాండిడేటూ, నిలవని మగోడి ఇంటికి వచ్చినావే," అన్నాడు.

"చౌడప్పా, నేను నిన్ను అనలేదు."

"నన్ను అంటే నేను పట్టించుకోను. నా కొడుకులు విన్నారు. ఇంటికొచ్చి, నాయనా, మన భూమి మనది కాదా అని అడిగినారు. ఏం చెప్పమంటావు?"

"మీది ఆచారం. ఆచారం జోలికి నేను పోలేదు."

"నీ నోరు పోయింది. నువ్వు వెనకాల పోయినావు."

అలావుద్దీన్ నవ్వు ఆపుకోవడానికి ఒక దూడను నిమిరాడు.

చౌడప్ప ఆగి చెంగయ్య ఎదురుగా నిలబడ్డాడు. "ముప్ఫై ఏండ్ల కింద నువ్వు నంజప్ప ఇంటికి వచ్చిన రోజు నేను సూసినా. ఎద్దుల కొమ్ములకు నూనె రాసి, మూతిమీసం దువ్వి వచ్చినావు. మేమంతా అనుకున్నాం, నంజప్ప మంచి ఎద్దును కొన్నాడని."

పాకలో ఒక్క ఆవు మెడగంట మోగింది. చెంగయ్య మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెరగలేదు.

"ఇప్పుడు నేనేం చెయ్యాల?"

"చెప్పిన మాట తప్పని చెప్పు."

"నేను మాట వెనక్కి తీసుకునే రకం కాదు."

"అయితే నా ఓటూ ముందుకొచ్చే రకం కాదు." చౌడప్ప చేతులు దులుపుకున్నాడు. "సాయంత్రం కుప్పంలో మాట్లాడతాండావంట. మావాళ్ళు బస్సులో వస్తారు వినేదానికి. ఆడ నువ్వేం చెప్తావో, అదే పుంగనూరుకు జవాబు."

"కుప్పంలో నేను అట్ల చెప్తే మొదలి ఊరుకోడు. కూతుళ్ళకు వాటా వద్దనే మాట మీదనే వర్తకులు నా వెనక నిలబడినారు."

"అది నీ కష్టం. నువ్వే గదా ఢిల్లీ పోతానంటాండేది."

చెంగయ్య వెనుదిరిగాడు. సిద్దమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచింది. తులసమ్మ మాత్రం తీరిగ్గా తాగి, గ్లాసు బోర్లించి, అప్పుడు లేచింది. పోతూ పోతూ చౌడప్పకు నమస్కారం పెట్టింది. ఆయన రెండు చేతులతో తిరిగి పెట్టాడు.

* * *

పలమనేరు చేరకముందే గంగవరం దగ్గర కారు మొరాయించింది. అలావుద్దీన్ దిగి, బూడిద దులిపి, కొత్త బొగ్గు పోసి, పంకా తిప్పడం మొదలుపెట్టాడు. తులసమ్మ కారులోంచి దిగలేదు. తండ్రీ కూతుళ్ళు రోడ్డు పక్కన బండరాతి మీద కూర్చున్నారు.

"రెండు దావల్లో ఒకటి మూసుకుంటాది," అన్నాడు చెంగయ్య. "తప్పని చెప్తే కుప్పం పోతాది. చెప్పకుంటే పుంగనూరు పోతాది. ఏదో ఒకటి పోతే సీటు పోతాది." ఆగి నవ్వాడు. "భయపడబాక. రెండుసార్లు ఓడినోడికి మూడోసారి చెయ్యి వణకదు."

"నాకేం భయం? నీకే అంత ఆశ యాల నాయనా ఢిల్లీ మీద?"

అడుగుతుందని ఆయన అనుకోలేదు. కొంచెం ఆలోచించి చెప్పాడు.

"ఆడ కూర్చునేవాళ్ళు యాడోళ్ళో తెలుసా? కలకత్తావాళ్ళు, బొంబాయివాళ్ళు, లండన్‌లో చదివినోళ్ళు. ఇల్లెట్ల నడవాల, పెండ్లెట్ల చెయ్యాల అని కాగితం మీద రాసి మనకు పంపిస్తారు. మన సంగతి తెలిసినోడు ఒకడన్నా లేచి, ఆగండప్పా, మా తట్టు ఇట్ల కాదు అని చెప్పొద్దా? ఆ ఒక్క మాట చెప్పేదానికి పోవాల. గెలిచి ఏదో సంపాయించాలని కాదు."

అది నిజమని సిద్దమ్మకు తెలుసు. ఆ నిజం కోసమే ఆమె రెండు ఎలక్షన్లు ఆయన వెనక తిరిగింది. ఈసారి ఆయన చెప్పే మాటల్లో తన మిల్లు పోతున్నా, ఆయన ఓడిపోవాలని ఒక్కసారీ అనిపించలేదు. అదే ఆమెకు చికాకు.

"మన తట్టు ఎట్లనో తెలిసినోడివి గదా," అంది. "మరి ఇల్లటం మన తట్టు ఆచారం కాదా?"

"అయితే?"

"ఢిల్లీ చట్టం వస్తే ఆ ఆచారం ఏమౌతాది? కూతురికింత, కొడుక్కింత అని కాగితం మీద రాసినాక, ఇంటికి తెచ్చుకున్న అల్లుడి గతేంది? చౌడప్పలాంటోళ్ళ భూములు ఏమౌతాయి? అది అడగొచ్చు గదా. కుప్పంలో చట్టం వద్దనే చెప్తావు. పుంగనూరువాళ్ళ కోసం వద్దని చెప్తావు. రెండూ ఒకే మాట."

చెంగయ్య కూతుర్ని చూశాడు. సంతలో మంచి కోడె కనబడినప్పుడు ఆయన కళ్ళు అట్లాగే సన్నబడేవని అలావుద్దీన్ అంటుంటాడు.

"అప్పుడు నేను కూడా ఇల్లటం వచ్చినోణ్ణని చెప్పాల."

"చెప్పాల."

"ముప్ఫై ఏండ్లుగా ఎవురి ముందరా అనలేదు."

"అందరికీ తెలుసు నాయనా. నువ్వు చెప్తే నీకు కూడా తెలుస్తాది."

ఆయన పెద్దగా నవ్వాడు. లేచి పంచె దులుపుకున్నాడు. "నువ్వు మగబిడ్డవై ఉంటే ఢిల్లీకి నిన్నే పంపుదును," అన్నాడు.

పొగడ్తే. సిద్దమ్మకు మాత్రం ట్రంకుపెట్టె గుర్తొచ్చింది.

ఇంజను అందుకుంది. కారు ఎక్కేటప్పుడు ఆమె తల్లి మొహం చూసింది. అద్దం దించి ఉంది. తులసమ్మ అంతా విన్నది.

* * *

కుప్పంలో కట్టెల కాంట్రాక్టరు కుప్పుస్వామి మొదలి తన గోడౌను ఖాళీ చేయించి సభ పెట్టాడు. ముందు వరసల్లో వర్తకులు, శాంతిపురం రైతులు. గోడ పక్కన ఆడవాళ్ళకు నాలుగు బెంచీలు. వెనక తలుపు దగ్గర, బస్సు దిగి వచ్చిన పుంగనూరు మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆంజనేయులు ముందే బస్సెక్కి వచ్చినట్టున్నాడు. మొదలి పక్కన కుర్చీలో, జరీ కండువాతో కూర్చున్నాడు.

"వారసుణ్ణి నేనే పిలిపించినా," అన్నాడు మొదలి చెంగయ్య చెవిలో, పక్కన ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు. "జనం కళ్ళారా సూడాల గదప్పా."

చెంగయ్య మైకు ముందుకు వచ్చాడు. మొదట గొంతు సవరించుకోలేదు, కాగితం తీయలేదు.

"నేను నంజప్ప ఇంటికి ఇల్లటం వచ్చిన అల్లుణ్ణి," అన్నాడు.

మొదలి తల గిరుక్కున ఆయన వైపు తిరిగింది.

"నాది ఒక జత ఎద్దులు. మిగిలిందంతా మా మామది. కొడుకుల్లేని ఇంట్లో దీపం ఆరిపోగూడదని మన పెద్దోళ్ళు పెట్టిన ఆచారం అది. దాన్ని ఏ చట్టమూ రాయలేదు. ఏ లండన్ బారిస్టరూ నేర్పలేదు. రేపు ఢిల్లీ కాగితం వస్తే ఈ ఆచారం ఏమౌతాది? పుంగనూరులో ఇట్లాంటి కాపురాలు ఎన్ని లేవు? వాళ్ళ భూములకు ఎవురు జవాబు చెప్తారు? మొన్న పుంగనూరులో నేను తొందరపడి ఒక మాటన్నా. ఆ మాట మీ అందరికన్నా ముందు నాకే తగిలింది. ఆ దెబ్బతోనే చెప్తాండా. మన ఇండ్లు మన ఆచారంతో నడవాల. దానికి కాపలా కాసేదానికి నన్ను పంపండి."

వెనక తలుపు దగ్గర మొదటి చప్పట్లు పడ్డాయి. పుంగనూరువాళ్ళవే. తర్వాత వర్తకులు అందుకున్నారు. ఆచారం, చట్టం వద్దు, ఈ రెండు మాటలూ వాళ్ళకు కావాల్సినవే. మొదలి కూడా కుర్చీలో వెనక్కి వాలి మెల్లగా చేతులు కలిపాడు.

అలావుద్దీన్ ఆడవాళ్ళ బెంచీ వైపు వంగి, "బేటీ, మీ నాయన ఢిల్లీ రైలెక్కేసినాడు," అన్నాడు.

సిద్దమ్మ బెంచీ అంచుకు జరిగి కూర్చుంది. ఆయన గెలుస్తున్నాడు. తాను చెప్పిన మాటతో గెలుస్తున్నాడు.

"ప్రశ్నలుంటే ఓటున్నవాళ్ళు అడగొచ్చు," అన్నాడు మొదలి హుషారుగా.

"నాదొక ప్రశ్న."

పక్కన బెంచీ కిర్రుమంది. తులసమ్మ లేచి నిలబడింది.

సిద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగింది. ప్లాట్‌ఫారం మీద చెంగయ్య కదల్లేదు.

"అమ్మా, ఓటున్నవాళ్ళకే," అన్నాడు మొదలి, ఆమె ఎవరో తెలియక.

"ఉండాది. ఇంటిపన్ను, మిల్లు నేల పన్ను నా పేరుతోనే కడతాండారు. మదనపల్లె. తులసమ్మ. నంజప్ప కూతుర్ని."

జనంలో గుసగుస మొదలైంది. తులసమ్మ గొంతు పెంచలేదు. వంటింటి గడపలోంచి మాట్లాడినట్టే మాట్లాడింది.

"నేను ఇంటిమనిషిగా అడగడం లేదు, ఓటరుగా అడుగుతాండా. ఇల్లటం ఆచారమని క్యాండిడేటు గారు బాగా చెప్పినారు. ఆ ఆచారంలో మామ ఆస్తి కూతురి కడుపున పుట్టినోళ్ళకు పోవాల. నంజప్ప నేల మీద కట్టిన మిల్లును క్యాండిడేటు గారు కురబలకోటలో వాళ్ళన్న కొడుక్కి ఇస్తామన్నారు. ఇది ఏ ఆచారం?"

కూర్చుంది.

ఆంజనేయులు జరీ కండువా సర్దుకున్నాడు. పుంగనూరు మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదలి ముందుకు వంగి, "జవాబు అక్కర్లేదప్పా. తర్వాత ప్రశ్న," అన్నాడు.

"ఓటరు అడిగినాక చెప్పాల్సిందే," అన్నాడు చెంగయ్య.

ఆయన మొహంలో తడబాటు లేదు. సిద్దమ్మ తండ్రిని ఎరుగును. బేరం చెయ్యి జారిపోతున్న ఘడియలోనే ఆయనకు మెరుపులాంటి మాటలు పుడతాయి. ఇప్పుడూ పుట్టింది.

"అడిగింది న్యాయమే. మిల్లు నేల నంజప్పది. నంజప్ప మనవరాలు నా కూతురు. ఈడనే ఉండాది. కానీ ఒక్క సంగతి గమనించండి. పుంగనూరులో నేను ఆ మాట అన్నప్పుడు ఆ బిడ్డ నా పక్కనే ఉండింది. ఒక్క మాట అడిగిందా? లేదు. నిన్న అడిగిందా? లేదు. దావంతా నా పక్కనే కూర్చుని వచ్చింది. నాకేం ఇస్తావు నాయనా అని అడిగిందా? నాకు ఓట్లెట్ల వస్తాయో అదే ఆలోచించింది." ఆయన కూతురి బెంచీ వైపు చెయ్యి చాపాడు. "మన ఆడబిడ్డలు అట్లాంటోళ్ళు. వాళ్ళు అడగరు. అడగమని ఢిల్లీవాళ్ళు నేర్పిస్తాండారు. నమ్మకపోతే మీరే వినండి. సిద్దమ్మా, పైకి రా."

మొదలి గోడౌనులో ఆడది ప్లాట్‌ఫారం ఎక్కడం ఎప్పుడూ లేదు. మొగుడు లేని ఆడది అసలే లేదు. అయినా మొదలే లేచి తన కుర్చీ పక్కకు జరిపాడు. చెంగయ్య ఎక్కడికి పోతున్నాడో ఆయనకు అర్థమైంది. కూతురు నోటితో ఒక్క "వద్దు" వినబడితే చాలు. కుప్పం చెక్కు చెదరదు. ఆస్తి వద్దన్నది మనవరాలే కాబట్టి పుంగనూరుకూ నోరుండదు. ట్రంకుపెట్టె ఆఫీసు గదిలోనే ఉంటుంది. సీటు చేతికొస్తుంది.

సిద్దమ్మ లేచింది. బెంచీల నడుమ నుంచి నడిచింది. అలావుద్దీన్ పక్కకు తప్పుకున్నాడు.

ప్లాట్‌ఫారం మీది నుంచి చూస్తే అందరి మొహాలూ ఒకే వైపు ఉన్నాయి. వర్తకుల మొహాల్లో చిరునవ్వు. పుంగనూరువాళ్ళ మొహాల్లో అనుమానం. గోడ పక్కన తల్లి మొహంలో ఏమీ లేదు. ఆమె అడగాల్సింది అడిగేసింది. మిగిలింది ఆమెది కాదు.

చెంగయ్య కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో ప్రేమ ఉంది. ఆ ప్రేమలో అబద్ధం లేదు. అదే కష్టం.

"చెప్పు బిడ్డా," అన్నాడు మైకు ఆమె వైపు తిప్పుతూ. "మిల్లు కావాలని నన్ను ఏనాడన్నా అడిగినావా?"

"లేదు నాయనా."

చప్పట్లు మొదలయ్యాయి. చెంగయ్య చెయ్యెత్తి వాటిని ఆపాడు. బేరం ముగించే మనిషి ధీమాతో చివరి మాట అడిగాడు.

"ఇప్పుడు ఇంతమంది ముందర అడుగుతాండా. కావాలా?"

సిద్దమ్మ ఆంజనేయులు వైపు చూడలేదు, మొదలి వైపు చూడలేదు. తండ్రి కళ్ళలోకి చూసింది. ఆయన ఢిల్లీలో లేచి నిలబడి మాట్లాడే రోజును ఆమె ఎన్నోసార్లు ఊహించుకుంది. ఇప్పుడు కూడా అది కనబడింది, చాలా దగ్గరగా.

"కావాల నాయనా," అంది. గొంతు వెనక తలుపు దాకా పోయింది. "మిల్లు నాకు కావాల."

చప్పట్లకు పైకి లేచిన మొదలి చేతులు అట్లాగే గాలిలో ఆగిపోయాయి.